చిత్తూరు జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా పరిషత్ సభ్యులకు: జిల్లా అంతటా చేసే ముందు 75 బడుల్లో చేసి చూడండి

గౌరవనీయులైన కలెక్టర్ గారికి, జిల్లా పరిషత్ సభ్యులకు, విద్య, వైద్య ఆరోగ్య, స్త్రీ శిశు సంక్షేమ శాఖల జిల్లా అధికారులకు నమస్కారం.

జిల్లా సమీక్షల్లో తెర మీదికి ఫలితాల వరుసలో మండలాల పట్టీ వస్తుంది. పైనున్నవి ఆకుపచ్చ, అడుగునున్నవి ఎరుపు. ఎరుపులో ఉన్న మండలం ఎంఈఓ లేచి నిలబడి సంజాయిషీ చెప్పుకుంటారు. ఆ పట్టీని చూసి నిర్ణయాలు తీసుకోవడం ఆపమని కోరడానికే ఈ లేఖ. పిల్లలకు చదవడం నేర్పడంలో, బాల్య వివాహాలు తగ్గించడంలో దాని బదులు ఏం చేయవచ్చో కూడా లెక్కలతో సహా రాస్తున్నాం.

ముందు ఆ పట్టీలో ఏముందో చూద్దాం. పదో తరగతిలో 12 మందే ఉన్న ఉన్నత పాఠశాల ఒకటి తీసుకోండి. ఒక ఏడాది 10 మంది పాసైతే ఉత్తీర్ణత 83 శాతం. మరుసటి ఏడు 12 మందీ గట్టెక్కితే 100. తెర మీద అది 17 శాతం ప్రగతి. నిజానికి అది ఇద్దరు పిల్లలు. వాళ్లిద్దరికీ పరీక్షకు ముందు జ్వరం వచ్చి ఉంటే బడి మళ్లీ 83 దగ్గరే. చిన్న బడులు, చిన్న మండలాలు పట్టీలో పైకీ కిందికీ ఎగిరిపడేది చాలావరకు ఇందుకే. కనుక ఒక ఏడాది అట్టడుగున నిలిచిన ఐదు మండలాలను తీసి పక్కన పెడితే, మనం ఏమీ చేయకపోయినా మరుసటి ఏడు వాటిలో ఎక్కువ భాగం పైకొస్తాయి. ఆ ఐదింటిలోనే ప్రత్యేక తరగతులు పెట్టించి, ఫలితం పెరిగింది కదా అని జిల్లా అంతటికీ ఉత్తర్వులు ఇస్తే, దానంతట అది వచ్చిన దానికి మనం బిల్లు కట్టినట్టు.

అసలు ప్రశ్న ఒక్కటే: ఈ పని చేయకపోయి ఉంటే ఏం జరిగేది? దానికి జవాబు కావాలంటే అన్ని విధాలా అలాంటివే అయి, ఈ పని మాత్రం జరగని బడులు కొన్ని ఉండాలి. అవి నిజంగా అలాంటివే అని నమ్మకం కలగాలంటే వాటిని అధికారులు ఏరకూడదు. చీటీలు వేసి తీయాలి.

ప్రభుత్వంలో చీటీలు ఎలా కుదురుతాయని మీలో కొందరు అనవచ్చు. ఇళ్ల స్థలాలకు తీయడం లేదా? అంతకన్నా పెద్ద ఉదాహరణ కూడా మన రాష్ట్రానిదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, సామాజిక పింఛన్లు వేలిముద్రల స్మార్ట్‌కార్డుల ద్వారా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, 8 జిల్లాల్లో ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీతోనే తేల్చారు. 157 మండలాలు, సుమారు 1.9 కోట్ల జనాభా. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ చేసిన ఆ అధ్యయనం 2016లో అచ్చయింది. ఉపాధి కూలీ త్వరగా చేతికందింది. పక్కదారి పట్టే సొమ్ము సుమారు 41 శాతం తగ్గింది. రెండేళ్లు గడిచినా కార్డులు ముందు అందిన మండలాల్లో సుమారు సగం చెల్లింపులే కార్డుల ద్వారా జరుగుతున్నాయి. అయినా బాగా నడిచిన చోట్లను మాత్రమే ఏరి లెక్క కట్టలేదు. చీటీలో పేరొచ్చిన ప్రతి మండలాన్నీ, కార్డు నడిచినా నడవకపోయినా, లెక్కలోకి తీసుకున్నారు. మీ దగ్గరికి ఏ పైలట్ (ముందుగా కొన్నిచోట్ల చేసి చూసిన పని) నివేదిక వచ్చినా మొదట అడగాల్సింది ఇదే: మధ్యలో మానేసిన బడులను ఇందులో కలిపారా, జారవిడిచారా?

ఇప్పుడు చదువు సంగతి. వచ్చే విద్యా సంవత్సరానికి ప్రాథమిక బడుల్లో చదవడం నేర్పే కార్యక్రమం మొదలుపెట్టాలనుకుంటే, సాధారణంగా వచ్చే ప్రతిపాదనలు మూడు. పరీక్ష పెట్టి ఏ పిల్లవాడు ఎక్కడ వెనకబడ్డాడో టీచరుకు నివేదిక ఇవ్వడం ఒకటి. బడికి నిధులు, సామగ్రి పెంచడం రెండోది. శిక్షణ ఇచ్చి పుస్తకాలు పంపడం మూడోది. ఈ మూడింటి గురించీ మన దేశంలోనే, మొదటి రెండింటి గురించి మన రాష్ట్రంలోనే, గట్టి ఆధారం ఉంది.

నివేదికల సంగతి మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి రాష్ట్రంలో పరీక్షించి 2010లో ప్రకటించారు. పరిశీలకులు వచ్చినప్పుడు టీచర్లు కాస్త చురుగ్గా కనిపించారు. ఏడాది చివర పిల్లల మార్కుల్లో మాత్రం తేడా లేదు. అదే నివేదికలు, మార్కులు పెరిగితే అదనపు భత్యం దొరికే బడుల్లో మాత్రం టీచర్లు ఎక్కువగా వాడుకున్నారు. నివేదిక చెడ్డదేమీ కాదు. దాన్ని వాడుకోవడానికి టీచరుకు సమయమో, కారణమో, రెండూనో ఉండాలి. బడి నిధుల సంగతీ ఆ ప్రయోగాల్లోనే తేలింది. నిధులు అనుకోకుండా వచ్చిన మొదటి ఏడు పిల్లలు మెరుగయ్యారు. రెండో ఏడు ఎలాగూ వస్తాయని తెలిశాక, తల్లిదండ్రులు నోటుపుస్తకాలకు, పలకలకు తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. మెరుగుదల కనిపించలేదు. ఇంటి ఖర్చు తగ్గడం కుటుంబానికి మేలే, కాదనం. కానీ దాన్ని చదువు ఫలితంగా రాసుకోకూడదు.

మూడోదానికి వస్తే, ప్రథమ్ అనే విద్యా స్వచ్ఛంద సంస్థ పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. తరగతి చూడకుండా, పిల్లలకు ఎంతవరకు చదవడం వచ్చో దాన్నిబట్టి గుంపులు చేసి, అక్కడి నుంచి నేర్పడం. బీహార్‌లో సామగ్రి, శిక్షణ మాత్రమే ఇచ్చి వదిలేసిన బడుల్లో ఫలితం రాలేదు. పుస్తకాలు చేరాయి, శిక్షణ జరిగింది, బడిలో పాత పాఠమే నడిచింది. హరియాణాలో రోజుకో గంట దీనికే కేటాయించి, తరగతులు కలిపి గుంపులు చేసి, పర్యవేక్షించే వాళ్లకు ముందు ఆ పద్ధతిని స్వయంగా బడిలో చేయించారు. అక్కడ ప్రభుత్వ టీచర్లతోనే భాషలో మెరుగుదల వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో 10 రోజులు, 20 రోజుల శిబిరాలుగా ఏడాదికి సుమారు 50 రోజులు నడిపితే ఇంకా పెద్ద ఫలితం కనిపించింది. పద్ధతి ఒకటే. రోజులో గంట దొరికిందా, వారం వారం వచ్చి చూసేవాళ్లకు ఆ పని చేతనవునా అన్న దగ్గరే తేడా. కనుక మన జిల్లాలో ఖర్చు పెట్టాల్సింది అచ్చు పుస్తకాల మీద కాదు, బడులు తిరిగి చూసే సీఆర్‌పీల (క్లస్టర్ రిసోర్స్ పర్సన్ల) మీద. వాళ్లు ముందు 15 రోజులు ఒక బడిలో తామే నేర్పి, ఆ తర్వాతే పర్యవేక్షణకు వెళ్లాలి. ఈ ఒక్క మాట ఉత్తర్వులో లేకపోతే మిగతా అంతా బీహార్ దారే.

అయినా పొరుగింటి పుల్లకూర రుచి. హరియాణాలో హిందీకి పనికొచ్చింది కుప్పంలో తెలుగుకు అలాగే పనికొస్తుందని మేం చెప్పలేం. అందుకే ఇక్కడ చేసి చూడమంటున్నాం.

పరీక్ష ఎలా ఉండాలో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ పైలట్లు చెడేది ఇక్కడే. ఒక్కో పిల్లవాడిని విడిగా, తరగతి గదికి బయట కూర్చోబెట్టి చదివించాలి. చేతిలో ఒకే కాగితం. మొదట ఒకటో తరగతి స్థాయి పేరా ఇవ్వాలి. మూడు తప్పులకు మించకుండా, పదం పదం విరవకుండా చదివితే రెండో తరగతి స్థాయి కథ ఇవ్వాలి. చదవలేకపోతే పదాల దగ్గరికి దిగాలి. ఐదింటిలో నాలుగు సరిగ్గా చదవాలి. అదీ రాకపోతే అక్షరాలు, అక్కడా ఐదింటికి నాలుగు. పిల్లలకు ఎంత చదవడం వచ్చో చూసే అసర్ సర్వేలో దేశమంతటా వాడే వరుస ఇది. తెలుగుకు మాత్రం పదాలకూ పేరాకూ మధ్య ఒత్తుపదాల మెట్టు ఒకటి చేర్చమంటాం. గుణింతం దాకా వచ్చి ఒత్తు దగ్గర ఆగిపోయే పిల్లలు చాలామంది. వాళ్లకు కావాల్సిన పాఠం వేరు, అక్షరాలే రాని పిల్లలకు కావాల్సింది వేరు. ఆ మెట్టులో ‘అమ్మ’, ‘బొమ్మ’ పెట్టకండి. వాటిని పిల్లలు ఒత్తు తెలియకుండానే బొమ్మను గుర్తుపట్టినట్టు గుర్తుపట్టి చెప్పేస్తారు. ‘చంద్రుడు’, ‘పుస్తకం’, ‘రాష్ట్రం’ లాంటివి పెడితే నిజం బయటపడుతుంది. కుప్పం, వి.కోట, నగరి వైపు ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలుంటారు. పరీక్ష ఏ భాషలో పెట్టారో, ఇంటి భాష ఏమిటో, రెండూ కాగితం మీద రాయాలి. లేకపోతే ఆ మండలాల టీచర్ల మీద అన్యాయంగా నింద పడుతుంది.

పరీక్షించేవాళ్లు ఆ బడి టీచర్లు కాకూడదు. ఇది వాళ్ల నిజాయితీ మీద అనుమానం కాదు. తన పనికి తానే మార్కులు వేసుకోమంటే ఎవరి చెయ్యయినా కాస్త పైకే జారుతుంది. ఆర్థికవేత్త అభిజీత్ సింగ్ అధ్యయనం మధ్యప్రదేశ్‌లో ప్రభుత్వ పరీక్షల మార్కులు బయటివాళ్లు మళ్లీ పెట్టిన పరీక్షతో పోలిస్తే ఎంత ఉబ్బాయో చూపింది. మన రాష్ట్రంలో కాగితం మీద పెట్టిన పరీక్షల్లో ఆ ఉబ్బు కనిపించింది, ట్యాబ్‌లో పెట్టిన చోట చాలా తగ్గింది. కార్వేటినగరం డైట్ (ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) విద్యార్థులు, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం స్టాటిస్టిక్స్ విభాగం, కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం మనకు అందుబాటులో ఉన్నాయి. డైట్ విద్యార్థులను తాము బోధనాభ్యాసం చేస్తున్న బడులకు మాత్రం పంపకండి. ఇద్దరిద్దరుగా వెళ్తే ఒక్కో పిల్లవాడికి ఆరేడు నిమిషాల చొప్పున, 20 మందిని మధ్యాహ్న భోజనం లోపే ముగించవచ్చు. పదో వంతు బడులకు వారంలోపు వేరే జంట వెళ్లి, అందులో కొందరు పిల్లలను మళ్లీ చదివించి చూడాలి. ఏ బడికి వెళ్తారో ముందు చెప్పకూడదు.

ఎన్ని బడులు కావాలి? మూడు నుంచి ఐదు తరగతుల పిల్లల్లో కథ చదవగలిగేవాళ్లు 40 శాతం ఉన్నారనుకుందాం. దాన్ని 50కి తెచ్చామో లేదో తేల్చుకోవాలి. పిల్లలు ఎక్కడెక్కడి నుంచో ఒక్కొక్కరుగా వచ్చినవాళ్లయితే ఒక్కో వైపు (కార్యక్రమం నడిచే బడులు ఒక వైపు, నడవనివి ఒక వైపు) 385 మంది చాలు. కానీ ఒకే బడి పిల్లలు ఒకే టీచరు చేతి కింద పెరిగినవాళ్లు. వాళ్లలో ఒకరి గురించి తెలిస్తే మరొకరి గురించి కొంత తెలిసినట్టే. ఆ సామ్యాన్ని గణాంకాల్లో 0.15 అనుకుంటే (పోలికే లేకపోతే 0, అందరూ ఒకేలా ఉంటే 1), బడికి 20 మంది చొప్పున లెక్క 3.85 రెట్లు పెరుగుతుంది. అంటే వైపుకు 1,482 మంది, 75 బడులు. బడికి 10 మందే దొరికితే 905 మందితో సరిపోతుంది కానీ 91 బడులు కావాలి. పిల్లలను పెంచడం కంటే బడులను పెంచడమే లాభం. ఆరు బడుల్లో 200 మంది చొప్పున పరీక్షించి ‘1,200 మంది శాంపిల్’ అని రాసిన నివేదికకు ఇదే లెక్కన నిజమైన బరువు సుమారు 39 మంది మాత్రమే, దాన్ని పక్కన పెట్టేయవచ్చు.

రెండు వైపులా 150 బడులు, రోజుకో బడి చొప్పున 10 జంటలు, 15 పనిదినాలు. ఏడాది మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి. మొత్తం 600 మనిషి-రోజులు, మళ్లీ చూసే బడులకు ఇంకో 60. జిల్లా అంతటికీ అచ్చేసి పంచే వర్క్‌బుక్‌ల బిల్లు పక్కన పెట్టి చూడండి.

చీటీలు వేసే తీరు గురించి రెండు ముక్కలు. ఒకే సీఆర్‌పీ కిందనున్న బడులను రెండు వైపులా విడదీస్తే, ఆయన నేర్చుకున్నది రెండో వైపుకు కూడా మోసుకెళ్తారు. మంచి మనిషైతే తప్పక మోస్తారు. అందుకని, ఒక సీఆర్‌పీ చూసే బడుల గుంపైన స్కూల్ కాంప్లెక్స్‌కు ఒక చీటీ. ఒక్కో కాంప్లెక్స్ నుంచి రెండు మూడు బడులకు మించి తీసుకోవద్దు. దీనివల్ల పై లెక్క ఇంకాస్త పెరుగుతుంది కాబట్టి ఓ పది బడులు అదనంగా పెట్టుకోండి. చీటీలు ఒకే కుండలో కలపకుండా రెవెన్యూ డివిజన్ వారీగా, వాటిలో మళ్లీ ఏకోపాధ్యాయ బడులు ఎక్కువున్న కాంప్లెక్స్‌లు ఒక కుండ, తక్కువున్నవి ఒక కుండగా తీయాలి. లేదంటే దురదృష్టవశాత్తు ఏకోపాధ్యాయ బడులన్నీ ఒకే వైపు పడవచ్చు. చీటీ రాని బడులకు అన్యాయం జరిగిందనే మాట వస్తుంది. వాళ్లకు మరుసటి జూన్‌లో ఇస్తామని అదే రోజు రాతపూర్వకంగా ఇవ్వండి. ఒక్క ఏడాదిలో అన్ని బడులకూ శిక్షణ పొందిన సీఆర్‌పీలు ఎలాగూ దొరకరు. ఎవరో ఒకరు ఆగక తప్పదు. ఎవరు ఆగాలన్నది పలుకుబడి తేల్చే కన్నా చీటీ తేల్చడం మేలు.

తేదీల దగ్గర జాగ్రత్త. జూన్, జూలైల్లో తోతాపురి కోతలు. కోత పనులకు వెళ్లే ఇళ్ల పిల్లలు ఆలస్యంగా చేరవచ్చు. సంక్రాంతి సెలవుల తర్వాతి వారం కూడా వద్దు. పరీక్ష రోజున రానివాళ్లు అందరిలాంటి పిల్లలు కారు. ఎక్కువగా బలహీనంగా ఉన్నవాళ్లే రారు. ఒక వైపు వాళ్లు ఎక్కువగా గైర్హాజరైతే ఆ వైపు సగటు దొంగగా పెరుగుతుంది. రెండుసార్లు తిరిగి వెళ్లాలి, అప్పటికీ దొరకకపోతే ఇంటికి వెళ్లాలి. హాజరు పట్టీ మీద ఆధారపడవద్దు. తల్లికి వందనం డబ్బుకు 75 శాతం హాజరు నిబంధన ముడిపడ్డాక ఆ పట్టీ కొలబద్దగా పనికిరాదు. ఏ అంకెకు డబ్బు కట్టినా అంతే.

ఇక రెండో సమస్య, బాల్య వివాహాలు. ఇది తక్కువ మాటల్లో చెబుతాం, కానీ కొలత విషయంలో దీనిలో మోసం ఎక్కువ.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. సర్వే మన రాష్ట్రంలో జరిగింది 2019లో. అంటే ఆ పెళ్లిళ్లు చాలావరకు అంతకు రెండేళ్ల నుంచి పదేళ్ల వెనకటివి. ఈ రోజు 16 ఏళ్ల పిల్లను కాపాడితే ఆ సంగతి అలాంటి సర్వేలో కనపడాలంటే నాలుగేళ్లు ఆగాలి. పైగా దానిలోని చిత్తూరు అంకె 2022 ఏప్రిల్ 4కు ముందున్న ఉమ్మడి జిల్లాది, 66 మండలాలది. దానితో ఇప్పటి జిల్లా అంకెను పోల్చి పెరిగిందనీ తగ్గిందనీ చెప్పడం కాకి లెక్క. సమీక్షల్లో వాడే ‘ఆపిన పెళ్లిళ్ల సంఖ్య’ మరీ అన్యాయం. అది పిల్లల సహాయ నంబరు 1098కి ఎన్ని ఫోన్లు వచ్చాయో చెబుతుంది. ఆపిన పెళ్లి నెల తిరక్కుండా సరిహద్దు దాటి ఏ గుళ్లోనో జరిగితే ఆ అంకె తగ్గదు. అసలు ఫోను రాని ఊరు ఆకుపచ్చలో ఉంటుంది.

కొలవాల్సింది ఇది: మార్చిలో పదో తరగతి పరీక్ష రాసిన ఆడపిల్లల పేర్ల జాబితా తీసుకుని, అక్టోబరు 1 నాటికి ఒక్కొక్కరు ఎక్కడున్నారో రాయాలి. ఇంటర్, పాలిటెక్నిక్, ఐటీఐ, ఇంట్లో, పనిలో, పెళ్లయింది, ఆచూకీ లేదు. చివరి గడిని ఖాళీగా వదలకండి, వార్త అంతా అందులోనే ఉంటుంది. మరుసటి ఏడాది అదే జాబితాను మళ్లీ పూరించాలి. ఏఎన్ఎంల గర్భిణుల నమోదు నుంచి 18 లోపు వయసువాళ్లను తీసి సరిచూడవచ్చు, కానీ ఒక చిక్కు ఉంది. మన వైపు తొలి కాన్పుకు పుట్టింటికి వస్తారు. అత్తవారి ఊళ్లో నమోదైన అమ్మాయే పుట్టింటి ఊళ్లోనూ నమోదైతే ఒకరే ఇద్దరవుతారు. కాన్పు జరిగిన చోటే లెక్కేస్తే పుట్టిళ్లు ఎక్కువున్న మండలం మీదికి తప్పు పోతుంది. గర్భిణి నమోదుకు ఇచ్చే ఆర్‌సీహెచ్ నంబరుతో జతచేసి, పెళ్లికి ముందు ఆమె చదివిన బడి ఉన్న మండలానికే లెక్క కట్టండి.

ఏది పనిచేస్తుంది? హరియాణాలో 1994లో ఆడపిల్ల పుట్టగానే బాండు ఇచ్చి, 18 నిండేదాకా పెళ్లి కాకపోతేనే డబ్బు చేతికొచ్చేలా పెట్టారు. 18 దాటాక పెళ్లి వాయిదా పడలేదు. చాలా కుటుంబాలు ఆ సొమ్మును పెళ్లి ఖర్చుగానే చూశాయి. బంగ్లాదేశ్‌లో ఇంకో దారి పట్టారు. 18 లోపు పెళ్లి కాని అమ్మాయి ఉన్న ఇంటికి ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా వంటనూనె ఇచ్చారు. బాల్య వివాహాలు దాదాపు ఐదో వంతు తగ్గాయి. అక్కడే విడిగా నడిపిన అవగాహన, సాధికారత తరగతుల వల్ల పెళ్లి వయసు కదల్లేదు. మన శాఖలు ఎక్కువగా ఖర్చు పెట్టేది అవగాహన సదస్సుల మీద. బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చాక ఉన్నత పాఠశాల చేరికలు సుమారు 32 శాతం పెరిగాయి. బడి మూడు కిలోమీటర్లకు పైన ఉన్న ఊళ్లలోనే ఆ పెరుగుదల ఎక్కువ. అంటే సైకిల్ తీర్చింది దూరాన్ని. కొండదారుల పల్లెల్లో సైకిల్ దూరాన్ని తీర్చదు, తోసుకుంటూ ఎక్కాలి.

మన దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చు లేదు. కాబట్టి డబ్బు అడ్డు పోయింది. బస్సు వేళ మిగిలింది. జూనియర్ కాలేజీ సాయంత్రం విడిచాక చీకటి పడకముందు ఊరు చేర్చే బస్సు ఉందా? ఇది ఒక్క వారంలో తేల్చుకోవచ్చు. పై జాబితాలో ‘ఇంట్లో’ అని తేలిన ప్రతి అమ్మాయి ఊరికీ, దగ్గరి కాలేజీకీ మధ్య దూరం, చివరి బస్సు వేళ పక్కన రాయండి. ఇంట్లో ఉండిపోయినవాళ్లు బస్సు లేని ఊళ్లలోనే ఎక్కువుంటే డిపో మేనేజర్‌తో మాట్లాడి, అలాంటి ఊళ్లను చీటీలతో రెండు జట్లు చేసి ఒక జట్టుకు ముందు సాయంత్రం ట్రిప్ పెట్టించి చూడండి. బస్సు ఉన్న ఊళ్లలోనూ అంతేమంది ఉంటే కారణం వేరు. అప్పుడు బస్సు మీద ఖర్చు దండగ.

చివరగా కోరేది ఒక కాగితం. చీటీలు తీసే రోజునే ఆ కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి, సంతకం పెట్టి, కలెక్టరేట్ నోటీసు బోర్డు మీద అంటించండి: ఏ అంకెను చూసి తీర్పు చెబుతాం, అది ఎంత పెరిగితే జిల్లా అంతటికీ విస్తరిస్తాం, ఎంత కన్నా తక్కువైతే ఆపేస్తాం, ఫలితం ఏ తేదీన బయటపెడతాం. ముందే రాయకపోతే, చదవడం పెరగనప్పుడు ‘లెక్కలు పెరిగాయి’ అనీ, అదీ లేకపోతే ‘ఆడపిల్లల్లో పెరిగింది’ అనీ ఏదో ఒక అంకె వెతికి పట్టుకోవడం మనుషులకు సహజం. ఇరవై అంకెలు చూస్తే కేవలం గాలివాటుగానే ఒకటి అటో ఇటో తేడాగా కనిపిస్తుంది.

జూన్ 12న బడులు తెరుస్తారు. సీఆర్‌పీల 15 రోజుల బోధన వేసవి సెలవులకు ముందే, ఏప్రిల్‌లోనే జరగాలి. కనుక కాంప్లెక్స్‌ల జాబితా మార్చి నెలాఖరుకు సిద్ధమైతేనే పని అవుతుంది. నమూనా పరీక్ష కాగితం, చీటీల పట్టిక, పరిశీలకుల ఒక రోజు శిక్షణకు కావాల్సిన పాఠం మేం తయారుచేసి ఇస్తాం. దానికి రుసుము ఏమీ అక్కర్లేదు. ఫలితం ఎటు వచ్చినా ఆ బోర్డు మీదే అంటించాలన్నది మాత్రం మా షరతు.

ఇట్లు,
సర్వేలు, పథకాల మూల్యాంకనం పనిలో ఉన్న కొందరం,
తిరుపతి